సూడోమోనాస్ ప్యాకెట్‌ని పాల ప్యాకెట్‌లా అమ్మండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో సాగు కబుర్ల పేజీ నేను వదలకుండా చదువుతాను. రసాయన మందులు తగ్గించండి, సూడోమోనాస్ వాడండి, ట్రైకోడెర్మా వాడండి అని అందులో తరచూ వస్తుంటుంది. ఇవి మొక్కల తెగుళ్లని ఆపడానికి వాడే జీవ మందులు, బతికున్న సూక్ష్మజీవుల్ని పొడిలో పట్టించి అమ్ముతారు. రాసేది తప్పు కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ప్యాకెట్ తయారైన చోటు నుంచి మా మడి దాకా ఎలా వస్తోంది, వచ్చేసరికి అందులో ప్రాణం ఉందా లేదా అన్న సంగతి ఒక్కరూ ఎత్తట్లేదు. నా గొడవంతా అదే. ఉత్తరం కాస్త పెద్దదే అయింది. జాగా చాలకపోతే నా సొంత గోల కత్తిరించి అసలు విషయం ఉంచండి.

మాది ఆనందపురం మండలం. ముప్పై ఏళ్లు గాజువాక వైపు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి, రిటైరయ్యాక నాన్న వదిలిన ఎకరంన్నరలోకి మళ్లీ దిగాను. వంగ, బీర, గట్ల మీద కొంచెం బంతి. తెల్లారకముందే కాయ కోసి ఆటోలో వేస్తే రైతు బజారుకి వెళ్తుంది, అంతే మా వ్యాపారం.

కిందటేడు కార్తీక మాసంలో వంగ మంచి కాపు మీదుండగా మొక్కలు వాలడం మొదలైంది. మధ్యాహ్నం ఆకులు వేలాడేసేవి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ లేచేవి. నీళ్లు చాలట్లేదేమో అనుకుని ఇంకో తడి పెట్టాను. చేజేతులా చేసిన మొదటి తప్పు అదే, ఎందుకంటే ఈ తెగులు నీళ్లతోటే సాలు నుంచి సాలుకి పోతుంది. నాలుగో రోజుకి మొక్క పచ్చగా ఉండగానే చచ్చిపోయింది, ఆకు పసుపెక్కను కూడా లేదు. పక్క మడి రైతు వచ్చి చూసి, "ఏటి మావా, నీళ్లెడతన్నావేటి? కాండం కోసి గ్లాసులో పెట్టి చూడు ముందు" అన్నాడు.

చూశాను. చచ్చిన మొక్క మొదట్లో బెత్తెడు ముక్క కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొస నీళ్లకి తగిలేట్టు పట్టుకున్నాను. రెండు నిమిషాలయ్యేసరికి కోసిన చోటు నుంచి సన్నటి తెల్లటి దారాలు పాల చారల్లా కిందికి జారడం మొదలుపెట్టాయి. అదంతా బ్యాక్టీరియానే. రాల్‌స్టోనియా అంటారు దాన్ని. వేరులోంచి దూరి, నీళ్లు పైకెక్కే గొట్టాల్లో పెరిగి పెరిగి దారి మూసేస్తుంది, అందుకే నేలలో తడున్నా మొక్కకి దాహమే. టమాటా, వంగ, మిరప, అల్లం, బంగాళదుంప ఒకటని లేదు, చాలా పంటలకి పడుతుంది. ఒకసారి పట్టిన మొక్కని బతికించే మందు లేదు, ఈ ముక్క నాకు ఆ రోజు తెలీదు.

పట్నంలో ఒక మందుల షాపుకి పరిగెత్తాను. పేరు అనవసరం. అతను నిచ్చెనేసుకుని ఎక్కి, సిమెంటు రేకుల కిందున్న పై అరలోంచి సూడోమోనాస్ ప్యాకెట్ దింపాడు. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఇప్పుడు తల్చుకుంటే అక్కడే తిరిగి ఇచ్చేయాల్సింది అనిపిస్తుంది గానీ టెన్షన్‌లో ఉన్న మనిషికి అవన్నీ తడతాయా? దాంతో పాటు రాగి మందు ఒకటి, యాంటీబయాటిక్ పొట్లం ఒకటి చేతిలో పెట్టి, "మూడూ ఒకే ట్యాంకులో కలిపి మొదళ్లలో పోసేయండి సార్, డబుల్ పవర్" అన్నాడు. పోశాను. పది రోజుల్లో ఇంకో మూడొందల మొక్కలు పోయాయి. మళ్లీ వెళ్లి అడిగితే, "ఆర్గానిక్ మందులు అంతేనండి, స్లోగా పనిచేస్తాయి" అన్నాడు. అతని మీద నాకేం కోపం లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు, నాకూ ఎవరూ చెప్పలేదు.

ఆ ప్యాకెట్‌లో ఉన్నది సున్నం పొడి లాంటి టాల్కమ్ పొడి. దాన్లో సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే నేల బ్యాక్టీరియాని పట్టించి అమ్ముతారు. అంటే బతికున్న జీవి. గ్రాముకి పది కోట్లు ఉన్నాయని ప్యాకెట్ మీద రాసుంటుంది. బతికున్న దాన్ని తీసుకెళ్లి రాగి మందులోనూ యాంటీబయాటిక్‌లోనూ ముంచితే ఏమవుతుంది? చేప పిల్లల్ని బ్లీచింగ్ నీళ్లలో వదిలినట్టే. యాంటీబయాటిక్ పనే బ్యాక్టీరియాని చంపడం, అది చెడ్డదా మంచిదా అని దానికి తేడా తెలీదు.

అక్కడితో ఊరుకుందును గానీ, మా చెల్లెలి కూతురు మైక్రోబయాలజీ చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ కథంతా చెబితే, "మావయ్యా, ఆ ప్యాకెట్‌లో కొంచెం మిగిలుందా?" అని అడిగింది. సగం పైనే ఉంది. దాంతో పాటు నేను ఆ తర్వాత వేరేచోట కొన్న, తయారై నెల కూడా కాని ఇంకో ప్యాకెట్ కూడా ఇచ్చాను. వాళ్ల మేడమ్ గారి పర్మిషన్ తీసుకుని రెండూ పరీక్ష చేసింది. ఒక గ్రాము పొడి నీళ్లలో కలపడం, అందులో పదో వంతు తీసి మళ్లీ నీళ్లలో, మళ్లీ పదో వంతు, అలా అయిదుసార్లు పల్చన చేసి, ఆఖరి దాంట్లోంచి రెండు మూడు చుక్కలు, అంటే మిల్లీలీటరులో పదో వంతు, గాజు మూతల్లోని జెల్లీ మీద పూయడం. ప్యాకెట్ మీద రాసింది నిజమైతే జెల్లీ మీద దగ్గర దగ్గర వంద మచ్చలు మొలవాలి, ఒక్కో మచ్చ ఒక్కో బతికున్న బ్యాక్టీరియా పెట్టిన కాపురం. రెండు రోజులాగి నన్ను పిలిచింది.

కొత్త ప్యాకెట్‌వి డెబ్బై ఎనిమిది లెక్కపెట్టాం. రేకుల కింద ప్యాకెట్‌వి రెండు. గది లైటు ఆపేసి, దొంగనోట్లు పట్టుకునే నీలం లైటు వేసింది (దాని ఫ్రెండు వాళ్ల షాపులోంచి తెచ్చిందట). కొత్త ప్యాకెట్ పొడి పూసిన గాజు మూత మొత్తం ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగులో మిణుగురులు వాలినట్టు వెలిగింది. పాత దాంట్లో ఆ రెండూ వెలగనేలేదు, అంటే అవి సూడోమోనాస్ కూడా కాదేమో, దుమ్ములోంచి వచ్చినవి కావచ్చు అంది. రైతునై ఉండి నేను డబ్బులు పెట్టి టాల్కమ్ పౌడర్ కొని వంగకి రాశానన్నమాట.

ఆ వెలుగు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ బ్యాక్టీరియా చేసే పనిలో సగం అందులోనే ఉంది. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూడనివాడు విశాఖలో ఉండడు. ఆ ఎరుపంతా ఇనుము, తుప్పు రూపంలో. మా నేలా ఎర్రదే. ఇనుము ఎంతున్నా తుప్పుగా ఉంటే నేలలో జీవులకి అందదు. సూడోమోనాస్ ఏం చేస్తుందంటే పసుపుపచ్చటి పదార్థం ఒకటి బయటికి వదులుతుంది, అది ఇనుముని పట్టుకుని తిరిగి దీని దగ్గరికే చేరుస్తుంది. దొంగనోట్ల లైటు కింద వెలిగింది ఆ పదార్థమే. వేరు చుట్టూ ఉన్న ఇనుమంతా ఇది ముందే లాక్కుంటే, కుళ్లు తెచ్చే బూజులకి దొరక్క అవి నీరసించిపోతాయి. ఇది కాక సొంతంగా కొన్ని యాంటీబయాటిక్‌లు తయారుచేస్తుంది. వేరు మీద ముందే జాగా ఆక్రమించి కూర్చుంటుంది, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు. వేరుని తాకి తాకి మొక్కకే ఒక జాగ్రత్త నేర్పుతుందంటారు, అంటే తర్వాత తెగులొచ్చినప్పుడు మొక్క తొందరగా స్పందిస్తుంది, వేరు దగ్గర వేస్తే ఆకు మీద కూడా ఆ ఫలితం కనిపిస్తుంది. వరిలో అగ్గితెగులుకీ పాముపొడకీ దీన్ని చెప్పేది అందుకే.

ఇవన్నీ చూడండి, ఒక్కటైనా తెగులు వచ్చేశాక చేసే పనా? కర్చీఫ్ బస్సు నిండాక వేస్తే ఏం లాభం?

ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో ఆలెన్ కెర్ అనే శాస్త్రవేత్త 1970ల్లో ఇలాంటి పనే చేసి చూపించారు. పీచ్, బాదం, గులాబీ మొక్కల మొదట్లో కణితులు తెచ్చే బ్యాక్టీరియా ఒకటుంది. దాని చుట్టరికంలోనే కణితి తేలేని సాధు రకాన్ని నేలలోంచి పట్టుకుని, నాటే ముందు వేళ్లు ఆ నీళ్లలో ముంచారు. కే84 అని పేరు దానికి. అది అగ్రోసిన్ అనే యాంటీబయాటిక్ వదిలి దుష్ట రకాన్ని చంపుతుంది. లోకంలో బ్యాక్టీరియాతో మొక్కల తెగులుని ఆపి, దాన్ని సరుకుగా అమ్మిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. అక్కడా అదే షరతు, నాటే ముందు ముంచితేనే పని. కణితి వచ్చాక పోస్తే ఉపయోగం లేదు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం గోధుమ పొలాల కథ నాకు ఇంకా నచ్చింది. ఏటా గోధుమే వేస్తుంటే వేరు కుళ్లు మొదటి రెండు మూడేళ్లు పెరిగిపోయేది, రైతులు తలలు పట్టుకునేవారు. మానకుండా అదే పంట వేస్తూ పోతే ఇంకొన్నేళ్లకి తెగులు దానంతటదే తగ్గిపోయేది. ఆ పొలం మట్టిని వేడి చేస్తే మట్టికున్న ఆ గుణం పోయేది, అంటే అందులో ఏదో బతికున్నది ఆ పని చేస్తోందన్నమాట. జేమ్స్ కుక్, డేవిడ్ వెల్లర్ లాంటివాళ్లు వెతికి వెతికి పట్టుకుంటే తేలింది మన సూడోమోనాస్ తెగే. తెగులుతో పాటు దాని మొగుడు కూడా అదే వేరు మీద పెరిగాడు. ప్యాకెట్ లేదు, షాపు లేదు, ఎవడూ అమ్మలేదు.

ఇది చదివి మన ప్రకృతి సాగు మిత్రులు, "మేం చెప్పేదీ అదే కదా, జీవామృతంలో ఇవన్నీ ఉన్నాయి, కొనడం దేనికి" అంటారని తెలుసు. ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి డ్రమ్ములో పులియబెట్టే ఆ జీవామృతం నేనూ పోస్తాను, నేల గుల్లబారడం కళ్లతో చూశాను. కాకపోతే అందులో ఏ బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో డ్రమ్ము డ్రమ్ముకీ మారిపోతుంది, ఫలానా తెగులుని ఫలానా రకం ఆపుతుందని చెప్పాలంటే ఆ రకం ఏదో తెలిసుండాలి. ఇంకో మాట, నేలలో పుట్టిందల్లా అమృతం కాదు. బర్క్‌హోల్డేరియా అని ఇంకో నేల బ్యాక్టీరియా, తెగుళ్ల మీద బ్రహ్మాండంగా పనిచేసేది. ఊపిరితిత్తుల జబ్బున్న కొందరిలో అదే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తెస్తుందని తేలాక అమెరికాలో దాన్ని పొలాల్లో వాడకుండా కట్టడి చేశారు. సూడోమోనాస్‌లోనే ఇంకో రకం ఆసుపత్రుల్లో పుండ్లకి పట్టి ఏడిపిస్తుంది. మనం వాడే ఫ్లోరెసెన్స్ రకం అలాంటిది కాదు. అయినా ప్యాకెట్‌లో రాసిందే ఉందా, ఇంకోటి ఉందా అన్నది ఎవరో ఒకరు చూడాలి కదా. పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మాత్రం మర్చిపోకండి, సేంద్రియం కదా అని ఉత్త చేతుల్తో దుమ్ము లేపుతున్నారు జనం.

ఇక ఎండ సంగతి. బాసిల్లస్ సబ్టిలిస్ అని ఇంకోటి దొరుకుతుంది, అది కష్టకాలం వస్తే గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా నిద్రపోతుంది, వేడికి ఓర్చుకుంటుంది, నిల్వ కూడా ఎక్కువ కాలం ఉంటుంది. సూడోమోనాస్‌కి ఆ పెంకు లేదు. పాతిక ముప్పై డిగ్రీల్లో హాయిగా ఉండే ప్రాణి. మే నెలలో సిమెంటు రేకుల కింద గది ఎలా ఉంటుందో విశాఖలో ఇల్లున్న వాళ్లకి చెప్పాలా? చల్లటి నీడలో పెడితేనే ఈ పొడికి ఆరునెలలో, మహా అయితే ఏడాదో ఆయుష్షు. పాల ప్యాకెట్‌ని ఎవడైనా ఎండలో పెట్టి అమ్మితే పేచీ పెట్టుకుంటాం, నాలుగు రోజుల పాతదైతే మొహం మీద కొడతాం. పాలు విరిగితే కంటికి కనబడుతుంది, ఇది చచ్చినా తెల్లటి పొడిగానే ఉంటుంది, అదొక్కటే తేడా.

మన్యంలో ఇంకా అన్యాయం. పాడేరు, చింతపల్లి వైపు అల్లానికీ పసుపుకీ దుంపకుళ్లు వస్తే ఏడాది ఆదాయం మట్టిలోనే పోతుంది. విత్తన దుంప నాటే ముందు ఈ మందు నీళ్లలో అరగంట ముంచితే మేలని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆ ప్యాకెట్ ఇక్కడ గోడౌన్లో ఎన్ని నెలలుండి, ఘాట్ రోడ్డులో ఏ బస్సు టాపు మీద ఎండలో ఎక్కి, అక్కడ సంతలో ఏ టార్పాలిన్ కింద కూర్చుందో! పని చేయకపోతే గిరిజన రైతు ఎవర్ని అడుగుతాడు? ఇంకోసారి కొనడు, అంతే. జీవ మందులు దండగ అని ఊరంతా అనుకుంటారు. రసాయన మందుల కంపెనీలు చేయలేని పనిని మన రేకుల షెడ్లు చేసిపెడుతున్నాయి.

మిద్దె తోటలవాళ్లకీ ఒక మాట, మన ఎంవీపీ కాలనీలో, మధురవాడలో వీళ్లు చాలామందే ఉన్నారు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, పట్టిన వెంటనే ఈ పొడి కలపకండి, రాత్రంతా బకెట్‌లో వదిలేసి పొద్దున్న కలపండి. పొయ్యడం సాయంత్రం పూటే, ఎండకి ఇవి నిలవవు. లీటరుకి 10 గ్రాములు చాలు, మొదట్లో పోయాలి. కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించి నీడలో ఆరబెట్టాలి. ఎకరాల్లో వేసేవాళ్లు మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి తగ్గకుండా గోనెపట్టా కప్పి, నీడలో వారం పది రోజులుంచి చల్లితే ప్యాకెట్‌లోని బ్యాక్టీరియా ఎరువులో ఇంకా పెరుగుతుంది. పచ్చి పేడలో కలిపితే ఆ వేడికి చస్తుంది. రాగి మందు వేయాల్సి వస్తే మధ్యలో కనీసం పది రోజులు ఎడం ఇవ్వండి. ట్రైకోడెర్మా వేరు, అది బూజు జాతి, బ్యాక్టీరియా కాదు. షాపుల్లో రెండూ ఒకటే అన్నట్టు ఇచ్చేస్తున్నారు. పురుగులకి వాడే బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్) కూడా బ్యాక్టీరియానే గానీ అది లద్దెపురుగు పొట్టలో పనిచేసేది, తెగుళ్లకి సంబంధం లేదు.

ఇప్పుడు నేను అడిగేది. ఈ జీవ మందులు కూడా 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికే వస్తాయి, రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. అంటే శాంపిల్ తీసే అధికారం ఉన్నట్టే కదా. తయారీ దగ్గర కాదు, షాపులో పై అరలోంచి తీయండి, అదీ మే, జూన్ నెలల్లో. అందులో బతికున్నవి ఎన్నో లెక్కపెట్టి ఫలితం ఆ షాపు గోడకే అంటించండి. అనకాపల్లిలో 1913 నుంచీ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, చింతపల్లిలో ఇంకోటి ఉంది. ఒక డిగ్రీ పిల్ల రెండు రోజుల్లో చేసిన పరీక్ష అక్కడివాళ్లకి ఎడంచేతి పని. రైతు ప్యాకెట్ పట్టుకెళ్తే నామమాత్రపు ఫీజుకి లెక్కపెట్టి చెప్పే ఏర్పాటు ఒకటి పెట్టండి. తయారీ తేదీ పెద్ద అక్షరాల్లో, తెలుగులో, చెరిగిపోని సిరాతో ఉండాలి. నా ప్యాకెట్ మీద తేదీ వేలితో రుద్దితే పోయింది. రైతు సేవా కేంద్రాల్లో ఈ ప్యాకెట్ల కోసం ఒక చిన్న ఫ్రిజ్ పెట్టలేరా? కూల్‌డ్రింకులు అమ్మే బడ్డీకొట్టులో ఉంటుంది ఫ్రిజ్.

ఈ ఏడు మళ్లీ వంగే వేశాను, ఇంట్లో తిట్టినా వినలేదు. నిజానికి ఈ తెగులు పట్టిన మడిలో ఓ రెండేళ్లు వరో మొక్కజొన్నో వేయడం బుద్ధిమంతుడి లక్షణం, లేదంటే అడవి వంగ మీద అంటు కట్టిన నారు తేవాలి. నేను మొండిగా సగం మడిలో మాత్రం నారు వేళ్లని తాజా ప్యాకెట్ నీళ్లలో అరగంట ముంచి నాటాను, మిగతా సగం మామూలుగా. వేసిన సగంలో ఇప్పటికి ఏడు మొక్కలు పోయాయి, వేయని సగంలో పంతొమ్మిది. దీన్ని ఎవరూ పరిశోధన అనరు, నేనూ అనను, వేయని వైపు కొంచెం పల్లం కూడా, నీరు నిలుస్తుంది. పంట అయ్యేదాకా లెక్క రాస్తాను.

రేకుల కింద ప్యాకెట్ ఇంకా నా దగ్గరే ఉంది, పారేయలేదు. వ్యవసాయ శాఖ వాళ్లు ఎవరైనా చూస్తామంటే బిల్లుతో సహా పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక వంగతోట రైతు,
ఆనందపురం మండలం, విశాఖపట్నం